చల్లబడని అద్దాల పెట్టె

మూడో అంతస్తు, వెనక గది

మరిదికి, వదిన దీవెనలు.

అందరం బాగున్నాం. ముందే ఈ మాట రాసేస్తే మిగతాది నిదానంగా చదువుతావని రాస్తున్నాను. బాగానే ఉన్నాం, కానీ బాగుండటం ఎంతసేపు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. ఐసు ఫ్యాక్టరీ మోటార్ల మధ్య ఏళ్ళ తరబడి నిలబడి, చెవులు అక్కడే వదిలేసి వచ్చావు. అందుకే కలం పట్టాను. నా అక్షరాలు చీమలు పాకినట్టుంటాయని మీ అన్నయ్య బతికున్నన్నాళ్ళూ నవ్వాడు. నువ్వు ఓపిక చేసుకో.

సంగతి ఏమిటంటే, మనవరాలు ఒక ఫ్రిజ్ తెచ్చింది. మామూలుది కాదు. కూల్‌డ్రింకులు పెట్టుకునేది. నా నడుము ఎత్తుంటుంది, ముందు అద్దం తలుపు, లోపల నీలం దీపం. ఎవరో కొట్టు ఎత్తేస్తూ అమ్మితే కొని నా గదిలో పెట్టింది. ఈ రెండు గదుల ఇంట్లో పెద్దది పట్టదు.

పెట్టేది డ్రింకులు కాదులే. పిల్లదానికి పాలు. మనవరాలు బస్సు తోలడానికి వెళ్ళే ముందు తన పాలు పిండి సీసాల్లో పోసి వెళ్తుంది, నేను వెచ్చచేసి పడతాను. డబ్బా పాలు పడితే ఆ చంటిది పట్టినవి పట్టినట్టే కక్కేస్తోంది. ఇన్నాళ్ళూ ఊళ్ళో బస్సే కాబట్టి ఎలాగో జరిగింది. ఇప్పుడు డిపో వాళ్ళు దూరం బస్సు ఇస్తామన్నారు. ఇవాళ పొద్దున వెళితే రేపు సాయంత్రానికి గానీ ఇల్లు చేరదు. చిన్నప్పుడు పీటలు వరసగా వేసి, పళ్ళెం తిప్పుతూ దూరాలు తోలిన పిల్ల అది. దాని అమ్మ పోయాక నేనే పెంచాను కదా, నాకు తెలియదా దాని మనసు. నెలాఖరులోగా సరే అనో కాదనో చెప్పాలి. "ఫ్రిజ్ చల్లబడితే వెళ్తాను అమ్మమ్మా, లేకపోతే వద్దని చెప్పేస్తాను" అంది.

అది చల్లబడటం లేదు, మరిదీ.

దీపం వెలుగుతుంది, చప్పుడు చేస్తుంది, సీసా మాత్రం చెరువు నీళ్ళలా ఉంటుంది. ఒక మెకానిక్ వచ్చాడు. చెయ్యి పెట్టి చూసి, గ్యాసుంది, మోటారుంది, ఒక పూట ఆగమ్మా అని వెళ్ళిపోయాడు. ఎన్ని పూటలు ఆగాను. ప్రస్తుతానికి సీసాలు కింద అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ ఫ్రిజ్‌లో పెడుతున్నాం. ఆవిడ కూడా నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తోంది.

పేలుతుందా అది. ముందు అది చెప్పు.

వదిన


రైలు గేటు పక్క రేకుల షెడ్డు

వదినకి, మరిది నమస్కారాలు.

పేలదు. నువ్వు పేలకుండా ఉంటే చాలు.

నీ చీమలన్నీ క్షేమంగా చేరాయి. రెండుసార్లు చదివాను. ఇప్పుడు నేను చెప్పినవి ఒకటొకటిగా చెయ్యి, అన్నీ ఒకేసారి మీద వేసుకోకు.

ప్లగ్గు గోడలో గట్టిగా కూర్చుందో లేదో చూడు. ఎక్స్‌టెన్షన్ పెట్టెలో గుచ్చితే తీసి గోడకి పెట్టించు. ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. వెనక దుమ్ముంటే ప్లగ్గు తీసి, పొడి బ్రష్షుతో దులుపు. లోపల అంకెల బిళ్ళ ఒకటి ఉంటుంది. పెద్ద అంకె అంటే ఎక్కువ చలి, తక్కువ కాదు. ఈ పొరపాటు అందరూ చేస్తారు. తలుపు చుట్టూ రబ్బరుంటుంది కదా, అందులో ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగు. ఊరికే వచ్చేస్తే చలి అక్కణ్ణుంచి కారిపోతున్నట్టు. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి రబ్బరు తుడిస్తే సగం జబ్బులు పోతాయి. కాళ్ళు నాలుగూ నేలకి ఆనాయా లేదా చూడు.

ఇంకొకటి. రోజుకి ఎన్నిసార్లు తలుపు తీసి చూస్తున్నావు? నిజం రాయి. చల్లబడిందా అని నిమిషానికోసారి తీస్తే, నిద్రపోయావా అని పిల్లని లేపి అడిగినట్టే.

ముఖ్యమైనది చివర్లో రాస్తున్నాను. దాని చప్పుడు ఎలా ఉందో రాయి. నాకు వినపడదు కాబట్టి నువ్వే వినాలి. మోటారు అదే పనిగా తిరుగుతోందా, ఆగి ఆగి తిరుగుతోందా?

మరిది


మూడో అంతస్తు, వెనక గది

మరిదికి,

చెప్పినవన్నీ చేశాను. మనవరాలికి తెలియకుండా చేశాను. దానికి తెలిస్తే ఇంత అవస్థ ఎందుకని దూరం బస్సు వద్దని చెప్పేస్తుందేమోనని భయం. ప్లగ్గు గోడకే ఉంది. దుమ్ము ఒక చాటెడు వచ్చింది, తుమ్మి తుమ్మి చచ్చాను. కాగితం లాగితే రాలేదు, చిరిగింది. ఒక కాలు ఎత్తుగా ఉంటే కింద అట్టముక్క పెట్టాను. అంకె పెద్దదే పెట్టాను.

తలుపు ఎన్నిసార్లు తీస్తున్నానో మాత్రం అడగకు. తగ్గించాను.

చప్పుడు రాయమన్నావు. అదేం పని మరిదీ, చప్పుడు ఎలా రాస్తారు? అయినా నిన్న మధ్యాహ్నం పిల్లదాన్ని ఒళ్ళో వేసుకుని దాని ముందు కూర్చున్నాను, విందామని. మొదట ఉమ్మ్ అని ఒకటే మూలుగు. కాసేపు విన్నాక అందులో ఇంకోటి వినపడింది. పావురం గొంతులో గురగుర అన్నట్టు, మీ నాన్నగారు మాట మొదలుపెట్టే ముందు గొంతులో కదిలేదే ఒక కఫం, అలాంటిది. దాని అడుగున ఎక్కడో నీళ్ళు నడుస్తున్న చప్పుడు, సన్నగా, పక్కింట్లో ఎవరో బిందె నింపుకుంటున్నట్టు. వింటూ వింటూ కళ్ళు మూతలు పడ్డాయి. గది మెల్లగా కదిలింది. నేనూ, పిల్లా, మంచం, కిటికీ అన్నీ దాని వెనక బళ్ళలా కట్టుకుని అదే మమ్మల్ని లాక్కుపోతున్నట్టనిపించింది. వీధి చివర మీ అన్నయ్య నిలబడి ఉన్నాడు, చేతులు తడిగా. ఎక్కమంటే, మీరు వెళ్ళండి, బండి మీద ఐసు దిమ్మ కరిగిపోతోంది అన్నాడు. లేచేసరికి పిల్లది నా చీర కొంగు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. ఆ మూలుగు అలాగే ఉంది. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

సీసా ఇంకా చెరువు నీళ్ళే.

వదిన


రైలు గేటు పక్క రేకుల షెడ్డు

వదినకి,

నాన్న గొంతులో కఫం. ఎన్నేళ్ళయింది వదినా అది విని. నీ ఉత్తరం చదువుతుంటే చెవిలో నిజంగా కదిలింది. షెడ్డు బయట కుర్చీ వేసుకుని, ఆ ఒక్క ముక్కే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. పక్క సైకిల్ షాపువాడు ఏమైందని సైగ చేశాడు. మా నాన్న దగ్గుతున్నాడని చెప్పాను. వాడు వాడి పని చూసుకున్నాడు.

పనిలోకి వస్తాను. అసలు ఆగకుండా తిరుగుతోందంటే, మోటారు బాగానే ఉంది, పాపం పని కూడా చేస్తోంది. లోపలి వేడిని బయటికి మోసుకొచ్చి పారబోయడమే దాని పని. ఎక్కడో పారబోయలేకపోతోంది. నాకు అర్థం కాని చోటు అదే. గోడ దూరం ఉందన్నావు, దుమ్ము దులిపానన్నావు.

నేను చెవిటివాణ్ణి మాత్రమే కాదు, గుడ్డివాణ్ణి కూడా అనుకో. నీ గది గుమ్మం దగ్గర మొదలుపెట్టి కిటికీ దాకా ఏముందో అన్నీ రాయి. ఇది రాయక్కర్లేదులే అనిపించినది తప్పకుండా రాయి.

మరిది


మూడో అంతస్తు, వెనక గది

మరిదికి,

గుమ్మం పక్కన చెప్పులు పెట్టుకునే చెక్క. దాని మీద మనవరాలి కాకీ చొక్కా, మేకుకి. తరవాత నా మంచం. మంచం కింద మందుల డబ్బా, పాత గొడుగు, పిల్లదాని బట్టల మూట. గోడకి మీ అన్నయ్య ఫోటో, కొంచెం వంకరగా ఉంటుంది, సరిచేసినా మళ్ళీ వంగుతుంది. ఉయ్యాల. ఉయ్యాలకి ఎదురుగా ఫ్రిజ్. ఎండ దాని మీద పడదు, నేనే జాగా చూసి పెట్టించాను. దాని మీద బొంత. పక్కన నీళ్ళ బిందె, ఒక స్టూలు. తరవాత కిటికీ. కిటికీ బయట ఎదురు మేడ, వాళ్ళ మెట్ల మీద ఎప్పుడూ ఒక పిల్లి.

ఇంతే. ఇందులో ఏముంది చెప్పు. మెకానిక్ వచ్చినప్పుడు కూడా గది శుభ్రంగానే పెట్టాను. పరాయి మనిషి వస్తున్నాడని బొంత మడిచి లోపల పెట్టాను, చెప్పులు సర్దాను. అతను వెళ్ళాక మళ్ళీ ఎప్పట్లాగే కప్పాను.

మనవరాలు రోజూ ఇంటికి రాగానే బొంత కొంచెం ఎత్తి, తలుపు తీసి సీసా పట్టుకుని చూస్తుంది. ఏమీ అనదు. మళ్ళీ కప్పేసి కాళ్ళు కడుక్కుంటుంది. ఏమైనా అంటే నాకు బాగుండును.

వదిన


రైలు గేటు పక్క రేకుల షెడ్డు

వదినా,

బొంత.

నేను ఎంత నవ్వానంటే, సైకిల్ షాపువాడు నీళ్ళు తెచ్చిచ్చాడు. నవ్వుతున్నది నిన్ను చూసి కాదు, మన కొంపను చూసి. ఐసుకి బొంతలు కుట్టిన ఇల్లాలు లోకంలో ఇంకెవరైనా ఉన్నారా? దిమ్మ దిగగానే రంపపు పొట్టు చల్లి, గోనె చుట్టి, పైన నువ్వు కుట్టిన బొంత కప్పి, అంచులు లోపలికి దోపి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టేవాళ్ళం. అన్నయ్య బండి మీద దిమ్మ సాయంత్రానికి కూడా కరగదని పేరు. నేనూ ఆ ఇంట్లోనే పుట్టాను. కాబట్టి ఫ్రిజ్ మీద ఏముందని అడగాలని నాకు తట్టలేదు చూడు. చలి మీద బొంత ఉండటం మన కంటికి వింత కాదు. మీ మనవరాలికీ తట్టలేదంటే అదీ ఆ ఇంటి పిల్లే.

విను. ఐసుకి చలి ముందే ఉంది, దాన్ని పోనివ్వకుండా కప్పితే చాలు. దీనికి చలి లేదు. ఇది వేడిని బయటికి పారబోసి చలి తెచ్చుకుంటుంది. నువ్వు బొంత కప్పితే, ముక్కూ నోరూ మూసి పరిగెత్తమన్నట్టు. అందుకే పాపం ఆగకుండా మూలుగుతోంది.

బొంత తియ్యి. ఒక రోజంతా తలుపు ముట్టుకోకు.

దీనితో చిన్న థర్మామీటరు పంపుతున్నాను. అది లోపల పెట్టు, సూది నాలుగు దగ్గర నిలబడాలి. ఇది కూల్‌డ్రింకుల కోసం చేసిన ఫ్రిజ్, పాల కోసం కాదు. అందుకని సీసాలు అడుగు అరలో, లోపలికి జరిపి పెట్టు. తలుపు వైపు వద్దు. ఏ పాలైనా మర్నాడు సాయంత్రం దాటితే పారబోసెయ్యి, జాలిపడకు. సూది ఆరు దాటితే మాత్రం ఈ ఫ్రిజ్ మీద ఆశ వదులుకో.

మరిది


మూడో అంతస్తు, వెనక గది

మరిదికి,

సూది నాలుగు మీద నిలబడింది.

బొంత తీసిన మర్నాడు పొద్దున్న లేచి చూస్తే గదిలో ఏదో పోయినట్టుంది. తరవాత తెలిసింది, చప్పుడు ఆగింది. కాసేపు అంతా నిశ్శబ్దం. ఎదురు మేడ పిల్లి గెంతడం కూడా వినపడింది. తరవాత మళ్ళీ అందుకుంది, మెల్లగా, నిద్దట్లో పక్కకి ఒత్తిగిలినట్టు. అద్దానికి పల్చగా ఆవిరి పట్టింది. తుడిస్తే లోపల ఆ నీలం వెలుతురులో సీసాలు, తెల్లగా, పొద్దుటి మంచులో నిలబడ్డ మనుషుల్లా కనపడ్డాయి. ఎంతసేపు చూశానో.

నీకు దండం పెట్టాలి. కానీ ఒకటి చెప్పాలి, చెప్పకపోతే అన్నం దిగేలా లేదు.

నిన్న మనవరాలు డ్యూటీకి వెళ్ళాక బొంత మళ్ళీ కప్పాను.

మర్చిపోయి కాదు. ఆ సూది చూస్తుంటే నాకు ఆ దూరం బస్సు కనపడింది. చీకటి రోడ్లు, ఎదురొచ్చే లారీల దీపాలు, అది ఎక్కడో తెలియని ఊళ్ళో బస్సులో ముడుచుకుని పడుకోవడం, ఇక్కడ పిల్లదానికి జ్వరం. ఫ్రిజ్ చల్లబడకపోతే ఇవేవీ లేవు కదా. ఎవరి తప్పూ కాదు, ఫ్రిజ్ తప్పు. అంచులు లోపలికి దోపాను కూడా. మధ్యాహ్నం దాకా అలాగే ఉంచాను. తరవాత పాలు గుర్తొచ్చాయి. అడుగు అరలో దాని పాలు ఉన్నాయి, పొద్దున్నే లేచి నిద్రమొహంతో పిండినవి, కిందికి తీసుకెళ్ళకుండా నేనే ఇందులో పెట్టినవి. తీసేశాను. సూది ఐదు దాటి ఉంది. ఆ పాలు పారబోశాను, మంచివో కాదో నాకే నమ్మకం లేక. మనవరాలికి చెప్పలేదు. పిల్లది తాగేసిందని చెప్పాను.

ఇంకా డిపోకి సరే అని చెప్పలేదది. నేను ఫ్రిజ్ సంగతి చెప్పనూ లేదు. ఏం చెయ్యమంటావు?

వదిన


రైలు గేటు పక్క రేకుల షెడ్డు

వదినకి,

నేను తిడతానని ఎదురుచూస్తున్నావేమో. తిట్టను.

అన్నయ్య రోజూ ఐసు బండితో ఆ ఏటవాలు వీధి దిగుతుంటే నువ్వు వాకిట్లో నిలబడి చూసేదానివి. బండి జారుతుంది, వద్దు అనేదానివి. ఒకసారి వాడు నాతో అన్నాడు, "మీ వదిన భయపడటం ఎప్పుడైనా మానేస్తే, అప్పుడు నాకు భయం వేస్తుందిరా." వాడు ఒక్క రోజూ బండి మానలేదు. నువ్వు ఒక్క రోజూ భయం మానలేదు. సంసారం బాగానే నడిచింది కదా.

కాబట్టి భయపడు, నిన్ను మానమనను. కానీ నోటితో భయపడు. ఫ్రిజ్‌తో చెప్పించకు. ఆ పిల్లకి ఎదురుగా కూర్చుని, నువ్వు వెళ్తే నాకు భయమే అని చెప్పు. సూది నాలుగు దగ్గరే ఉందని కూడా చెప్పు. రెండూ చెప్పాక అది ఏమంటే అది.

మరిది


మూడో అంతస్తు, వెనక గది

మరిదికి,

చెప్పాను.

అది కాకీ చొక్కా విప్పి మేకుకి తగిలిస్తోంది. పిల్లది ఉయ్యాల్లో ఉంది. నేను స్టూలు మీద కూర్చుని, ఫ్రిజ్ చల్లబడిందే అన్నాను. అది తిరగలేదు. "ఎప్పుడు?" అంది. కొన్నాళ్ళయింది అన్నాను. బొంత సంగతి, పారబోసిన పాల సంగతి, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. "నువ్వు వెళ్తే నాకు భయమే, అందుకే కప్పాను" అన్నాను.

అది వచ్చి నేల మీద, ఫ్రిజ్‌కి వీపు ఆనించి కూర్చుంది. కాలితో ఉయ్యాల ఒకసారి ఊపింది. తరవాత, "నాకు తెలుసు అమ్మమ్మా" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు బొంత తీశాక సీసా చల్లగా తగిలింది, నేను బయటపడలేదు. మొన్న నేను మధ్యలో ఇంటికొచ్చాను, పర్సు మర్చిపోయి. నువ్వు నిద్రపోతున్నావు. దాని మీద బొంత ఉంది. ఫ్రిజ్ ఒళ్ళు పట్టుకుని చూస్తే వెచ్చగా ఉంది." పిల్లదాని వైపు చూస్తూ చెప్పింది. "నేను తీయలేదు. కప్పి ఉన్నది అలాగే వదిలేసి వెళ్ళిపోయాను. ఫ్రిజ్ పాడైందని డిపోలో చెప్పొచ్చు కదా అనుకున్నాను. దీన్ని వదిలి ఉండలేనని చెప్పడానికి సిగ్గేసింది. ఇన్నాళ్ళూ అడిగి అడిగి తెచ్చుకున్న బస్సు కదా."

"మరి నీ పాలు పాడవుతాయని తెలిసీ?"

"నువ్వు పారబోస్తావని తెలుసు. నీళ్ళు కూడా మంచివో కాదో అని వాసన చూసి తాగే మనిషివి నువ్వు."

మాకిద్దరికీ నవ్వొచ్చింది మరిదీ. ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం, ఒకరికి తెలియకుండా ఒకరం, ఒక ఫ్రిజ్ పాడవ్వాలని కోరుకున్నాం. అది మాత్రం మా మాట వినకుండా పని చేసుకుంటూ పోయింది. నవ్వీ నవ్వీ చివర్లో ఏడ్చాం. పిల్లది లేచి మమ్మల్ని చూసి అదీ అందుకుంది.

ఏడుపు అయ్యాక, "నీకు వెళ్ళాలనుందా, లేదా? ఫ్రిజ్‌ని వదిలెయ్యి, నన్ను వదిలెయ్యి" అని అడిగాను. "ఉంది" అంది. చాలా చిన్నగా అంది. అయితే వెళ్ళు, భయం నేను పడతాను, ఆ పని నాకు అలవాటే అన్నాను.

పొద్దున్నే వెళ్ళి సరేనని చెప్పి వచ్చింది. కింద అంతస్తు ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తూ ఆరు గాజు సీసాలు ఇచ్చిపోయింది. అడుగు అర నిండింది. మొదటి బస్సు ఈ వారాంతంలోనే. మధ్యలో మీ ఊరి స్టాండులో ఆగుతుందట, టీ తాగేంతసేపు. ఆ సమయానికి నువ్వు అక్కడ ఉండగలవేమో చూడు. వినపడదు, ఎవరితో మాట్లాడను అని షెడ్డులోనే కూర్చోకు. ఇది నేను అడుగుతున్నది.

వదిన


రైలు గేటు పక్క రేకుల షెడ్డు

వదినకి,

వెళ్ళాను.

పొద్దున్నుంచే ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టాండులో కూర్చున్నాను. బస్సు లోపలికి తిరిగేటప్పుడే గుర్తుపట్టాను, చేతులు స్టీరింగ్ మీద అచ్చం అన్నయ్య బండి కాడి పట్టుకున్నట్టే ఉన్నాయి. అద్దం వెనక నీ మొహం, కాకీ చొక్కాలో.

దిగి వచ్చి ఏదో అంది. నాకు వినపడదని చెవి చూపించాను. అది చుట్టూ చూసి, బస్సు పక్కన పట్టిన దుమ్ము మీద వేలితో రాసింది: అమ్మమ్మ ఎలా ఉందో?

"నువ్వు పొద్దున్నే కదా చూసి వచ్చావు, నన్నడుగుతావేంటి" అన్నాను. నవ్వింది. మళ్ళీ రాసింది: బయల్దేరేముందు మాట్లాడలేదు.

"భయపడుతోంది. ఇవాళ ఆవిడ పని అదే" అన్నాను.

కింద ఇంకో మాట రాసింది: నేను కూడా.

అందరూ ఎక్కాక ఇంజను వేసింది. నాకేమీ వినపడలేదు. అలవాటు కొద్దీ బస్సు పక్కన, ఆ రాత పక్కన, అరచెయ్యి ఆనించి పెట్టాను. వదినా, బాగుంది. ఎక్కడా తడబాటు లేదు. లోపల బరువైనదేదో నిదానంగా, తన దారి తనకు తెలిసినట్టు తిరుగుతోంది. బండి మంచిది, తోలే చెయ్యి మంచిది, నా మాట నమ్ము.

బస్సు కదిలింది. చెయ్యి తీసేశాను. అది స్టాండు దాటి, వీధి మలుపు తిరిగేదాకా నా అరికాళ్ళకి వినపడుతూనే ఉంది.

మరిది